ఆకుపచ్చ వైరు

నాలుగో అంతస్తు కృష్ణప్రియ చెప్పిందట, రెండో అంతస్తులో మా ఇంట్లో కిరాయికుండే సారమ్మకు షుగర్ బాగా పెరిగిందని. మొన్నటిదాకా పాదాల్లోనే ఉండే తిమ్మిరి ఇప్పుడు చేతుల్లోకి ఎక్కిందని. వాషింగ్ మెషిన్‌లోంచి బట్టలు తీస్తుంటే వేళ్ళ కొనల నుంచి మోచేతి దాకా చీమలు పాకినట్టవుతోందని నిన్న సాయంత్రం మెట్ల మీద కూర్చుని చెప్పుకుందని. కోడలు నర్సయి ఉండి కూడా అత్తకు ఒక్క రక్తపరీక్ష చేయించలేదంటే ఆ చదువు ఎవరిని ఉద్ధరించడానికని. ఇదంతా కృష్ణప్రియ మాట. దాన్ని పొల్లుపోకుండా నాకు ఫోనులో అప్పజెప్పింది మా ఆవిడ సక్కుబాయి. నేను నానక్‌రామ్‌గూడలో షేర్ ఆటో ఎక్కుతూ, ఒక చేత పనిముట్ల సంచి, ఒక చేత ఫోను, ఊ కొడుతూ విన్నాను. కాకరకాయ రసం తాగమనరాదూ అన్నాను. తను నవ్వింది. ఇవాళ బుధవారం కదా, కోడలి ఆస్పత్రి బట్టలు వేడినీళ్ళలో వేసే రోజు, పదకొండున్నరకు మెషిన్ పెడుతుందట ముసలామె, ఆ చేతులతో ఎట్లా చేసుకుంటుందో పాపం అంది. కింద నీళ్ళ ట్యాంకర్ హారన్ వినబడుతోందంటూ పెట్టేసింది.

ఆటో కదిలింది. నేను ఇంకా ఓంకార్ ఇంట్లోనే ఉన్నాను, మనసులో. మా చిన్నాయన కొడుకు ఓంకార్. వాళ్ళ మెషిన్ కూడా నీళ్ళు వదలడం లేదంటే చూసొద్దామని పోయాను. పంపు పోయింది, మూడు స్క్రూల పని, రేపొచ్చి వేస్తానన్నాను. మొన్న మా కిరాయివాళ్ళ మెషిన్‌కు ఎలా వేశానో కూర్చోబెట్టి చెప్పాను. నీ చేతిలో విద్య ఉందన్నా అన్నాడు వాడు. ఆ మాట నాలుక మీద బెల్లంముక్కలా ఇంకా కరుగుతూనే ఉంది. పక్కన మెడలో కంపెనీ పట్టీ వేసుకున్న పిల్ల అద్దంలో చూసుకుంటూ జుట్టు సర్దుకుంటోంది. ఎదుట టవర్ల అద్దాల మీద ఎండ, ఒకదాని అద్దంలో ఇంకో టవరు, దాని అద్దంలో మా ఆటో. చీమలు. చీమలు పాకినట్టు. అవునూ, షుగర్ తిమ్మిరికి మెషిన్‌తో ఏం పని? షుగర్ తిమ్మిరైతే అన్నం కలుపుతుంటే ఉండాలి, బైబిలు పేజీ తిప్పుతుంటే ఉండాలి. బట్టలు తీసేటప్పుడే ఎందుకుంటుంది? బెల్లంముక్క నోట్లో చేదైపోయింది.

సక్కుబాయికి చేశాను. మోగింది, మోగింది, ఆగింది. ట్యాంకర్ వచ్చిందంటే తను ఫోను ఫ్రిజ్ మీద పెట్టి సెల్లారులోకి దిగుతుంది, పైపు సంపులో పడేదాకా వాచ్‌మన్ యోహానును నమ్మదు. యోహానుకు చేశాను. అదీ అంతే. వాళ్ళిద్దరూ ట్యాంకర్ మోతలో ఉన్నారు. సారమ్మ కొడుకు కిరణ్ పాల్‌కు చేశాను. వాడు కట్ చేశాడు, తర్వాత చేస్తానని ఇంగ్లీషులో ఒక మెసేజి వచ్చింది. సారమ్మకు ఫోను లేదు. కొనిస్తామన్నా వద్దంది, నా వేలు పెడితే ఆ అద్దం వినదు అని. టైము పదకొండు దాటి ఎనిమిది నిమిషాలు. సంచిలో టెస్టరు, పట్టకారు, ఆకుపచ్చ వైరు ముక్క ఒకటి. మిగిలిన ముక్క. మొన్న దాంట్లోంచే జానెడు కోసి వాడాను.

మొన్న. సోమవారం సాయంత్రం. మెషిన్ నాదే, మా ఇంట్లో పాతబడ్డదాన్ని వాళ్ళకు ఇంటితోపాటు ఇచ్చాను, అందుకని మరమ్మతూ నాదే. మెకానిక్‌కు ఫోన్ చేస్తే నాలుగు రోజులన్నాడు. నాలుగు రోజులు నేనెందుకు ఆగుతాను? హఫీజ్‌పేటలో పాత సామాన్ల కొట్టుకు పోయి పంపు తెచ్చాను. మెషిన్‌ను గోడకు ఒరిగించి, కింద పళ్ళెం పెట్టి, పాత పంపు విప్పితే మురికి నీళ్ళు, రెండు పిన్నీసులు, ఒక చొక్కా గుండీ, బోరు నీళ్ళ సున్నం పెచ్చులు పెచ్చులుగా. కొత్తది బిగించాను. సారమ్మ కొయ్యపీట మీద కూర్చుని చూస్తోంది, మధ్యలో లేచి చాయ్ పెట్టుకొచ్చింది. అన్నీ అయ్యాక స్విచ్చేస్తే మెషిన్‌లో దీపం లేదు. టెస్టరు పెట్టి చూస్తే ఫేజు ఉంది. పోయింది న్యూట్రల్. కరెంటు ఒక వైరులో వచ్చి ఇంకో వైరులో తిరిగిపోవాలి, ఆ తిరిగిపోయే వైరు గోడలో ఎక్కడో తెగింది. గోడ పగలగొట్టాలి, కొత్త వైరు లాగాలి. చీకటి పడుతోంది, ముసలామె చూస్తోంది, చాయ్ తాగేశాను. ఇక మూడోది ఉంది కదా, ఆకుపచ్చది, ఎర్తు. అది ఊరికే భూమిలోకి దిగి కూర్చుంటుంది. మెషిన్ ఒంట్లోకి ఎప్పుడైనా కరెంటు పాకితే మనిషికి తగలకుండా భూమిలోకి తీసుకుపోవడానికి. ఎప్పుడో రాబోయే ఆపద కోసం పనీపాటా లేకుండా కూర్చున్న వైరు. దానికి పని చెప్పాను. సాకెట్టు విప్పి జానెడు ముక్కతో ఎర్తును న్యూట్రల్ కన్నానికి కలిపాను.

ట్రిప్పర్ పడింది. తలుపు పక్కన బోర్డులో ఉంటుంది, ఏదైనా తేడా వస్తే టక్కున పడి కరెంటు ఆపేది. ఎత్తాను. మళ్ళీ పడింది. పాతదైపోయింది అన్నాను సారమ్మతో, మనుషులకే ఈ వయసులో ఊరికే కోపం వస్తుంది దీనికి రాదా అని నవ్వించాను కూడా. దాన్ని తప్పించి వైర్లు నేరుగా కలిపేశాను. మెషిన్ తిరిగింది. చల్లనీళ్ళలో పది నిమిషాలు తిప్పి చూపించాను, నీళ్ళు బుడబుడమంటూ పోయాయి. ఏమీ కాదు కదా బాబూ, అని ఒక్కసారే అడిగిందామె, తలుపు దగ్గర.

“ఈ భూమి నాది పెద్దమ్మా. ఈడ ఏ వైరు ఎటు పోతదో నాకు తెల్వదా?”

అన్నాను. అన్నది నేనే. ఇదే నోరు. ఆటో ఆగిపోయింది. రోడ్డు తవ్వి రేకులు అడ్డం పెట్టారు, ముందు బస్సు, బస్సు ముందు లారీ. దిగి నడుద్దామా అంటే ఇంకా మూడు కిలోమీటర్లు, నా కుడి మోకాలు నా మాట వినడం మానేసి రెండేళ్ళయింది. పదకొండు పదిహేను. చల్లనీళ్ళకైతే మోటారు లాగేది కొంచెం, అందుకే చీమలు. వేడినీళ్ళ బటన్ నొక్కితే లోపల హీటరు వెలుగుతుంది, అది లాగేది చీమలు కాదు. లాగిందంతా ఆ ఆకుపచ్చ వైరులోంచే తిరిగి పోవాలి. ఆ వైరు మెషిన్ ఒంటికి కూడా కట్టి ఉంది. భూమిలోకి దిగేచోట తడి ఉంటే కొంత మింగుతుంది. తడి ఎక్కడిది? ఎర్తు గుంతలో నెలకో బిందె ఉప్పునీళ్ళు పోయాలి. ఆ గుంత మీద నేనే కదా పోయినేడు పార్కింగు టైల్స్ వేయించింది, అడ్డంగా ఉందని. కిందికి దిగలేని కరెంటు ఎక్కడుంటుంది? ఎక్కినచోటే ఉంటుంది. తడిచేతి కోసం చూస్తూ.

గడ్డపార. నేను దీన్ని తలుచుకోవద్దనుకుంటున్నాను, అయినా అదే వస్తోంది. ఇదే భూమి. ఇప్పుడు లిఫ్టున్నచోట మా నాయన పెంటయ్య బోరు, బోరు పక్కన నీళ్ళ తొట్టి. ఆ ఎండాకాలం స్తంభం నుంచి వచ్చే న్యూట్రల్ తెగిపోతే లైన్‌మన్ కోసం ఎవరు తిరుగుతారని మా నాయన బోరు పక్కనే గడ్డపార దిగేసి, దాని మొదట్లో నాలుగు బిందెలు పోసి, భూమినే న్యూట్రల్ చేసుకున్నాడు. ఊరంతా అంతే చేసేది. మోటారు తిరిగింది, నారుకు నీళ్ళు పారాయి. మా నల్లబర్రె మాత్రం రెండు రోజులు తొట్టి దగ్గరికి రాలేదు. దాహానికి నాలుక బయటపెట్టి దూరంగా నిలబడి చూసేది. దానికి కొవ్వెక్కిందన్నాడు నాయన. నాకు పదమూడేళ్ళు. తుమ్మకట్టె తీసుకుని నేనే కొట్టాను, వీపు మీద, తొడల మీద, తొట్టి దాకా కొట్టుకుంటూ పోయాను. అది మూతి నీళ్ళలో పెట్టింది. మెడ నుంచి కడుపు దాకా చర్మం జలజలమని వణికింది, ఈగలను తోలుకుంటున్నట్టు. నేను ఈగల కోసం చూశాను. ఒక్క ఈగ లేదు. అప్పుడు ముందుకాళ్ళు మడుచుకుంది, మొక్కుతున్నట్టు. నాయన పరిగెత్తుకొచ్చి స్టార్టరు పీకాడు, అయినా అది లేవలేదు. దాని పక్కనే చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత లేచి గడ్డపార పెరికి, పది అడుగులు అవతల దిగేసి, మళ్ళీ మోటారు వేశాడు. నారు ఎండుతోంది మరి.

చూడు, నాకు తెలియక చేసింది కాదు. అదే భయంగా ఉంది. తెలియనివాడైతే ఈపాటికి ఏడ్చేవాడు. నాకు ముప్పై తొమ్మిదేళ్ళుగా తెలుసు. రెండుసార్లు ట్రిప్పర్ పడ్డప్పుడు నా వేళ్ళకు తెలుసు. ఆ ట్రిప్పర్ కూడా తొట్టి దగ్గరికి రాని బర్రెలాగే నిలబడింది, దాన్నీ కొట్టి పంపాను.

ఇంకో నెంబరుంది. కరుణది. సారమ్మ కోడలు, ఆస్పత్రిలో డ్యూటీలో ఉంటుంది, అయినా రెండో రింగుకు ఎత్తే మనిషి. మూడుసార్లు ఆ పేరు దాకా పోయి ఆగాను. ఎత్తితే ఏమనాలి? మెషిన్ వేయొద్దనాలి. ఎందుకంటుంది. నర్సు కదా, అడిగేది సూటిగా అడుగుతుంది. ఏం చేశారు, ఏ వైరు, ఎవరు చేశారు అంటుంది. సాయంత్రానికి బిల్డింగు గ్రూపులో ఉంటాను. ఉదయ్ భాస్కర్ పెట్టినట్టు పెడుతుంది. ఆ ఇంట్లో వీళ్ళకు ముందున్నవాడు ఉదయ్ భాస్కర్. బాత్రూం గోడ చెమ్మ ఫొటో తీసి గ్రూపులో పెట్టి, ఓనర్‌గారు ఎప్పుడు చూస్తారు అని రాశాడు. నెలాఖరుకు ఖాళీ చేయమన్నాను. చేశాడు, ఇద్దరు పిల్లల పరీక్షల మధ్యలో. ఆ కథను నేను దాచుకోలేదు. కిరణ్ పాల్‌కు తాళాలిచ్చిన రోజే, చాయ్ తాగుతూ, నవ్వుతూ చెప్పాను, సారమ్మ కూడా అక్కడే ఉంది. మనం మనం మంచిగుంటే చాలు అన్నాను. ఇంత చెమ్మకే అంత చేసినవాణ్ణి ఇప్పుడు ఏ మొహంతో. సిగ్నల్ పచ్చగా మారింది, ఎరుపైంది, ఆటో కదల్లేదు. మనిషి ప్రాణానికీ గ్రూపులో నా పేరుకూ మధ్య నా బొటనవేలు ఊగుతోంది. ఎవరైనా చూస్తే ఏదో ఆట ఆడుకుంటున్నాడనుకుంటారు. నొక్కాను. వేరే ఎవరో ఎత్తారు, కరుణ సిస్టర్ ఆపరేషన్ దగ్గరుంది, చెప్పేదేమైనా ఉందా అన్నారు. ఉంది. ఏమీ లేదమ్మా అన్నాను. ఏమీ లేదమ్మా అని నేనే అన్నాను. చెవిలో ఇప్పటికీ వినబడుతోంది. పదకొండు ఇరవై రెండు.

మళ్ళీ సక్కుబాయికే చేద్దామని వేలు పెట్టి, ఆగాను. ఎర్తు పట్టీ బిల్డింగంతటికీ ఒక్కటే. కింది నుంచి పైకి ఒకటే ఇనుప పట్టీ, అందరి ఆకుపచ్చ వైర్లూ దాంట్లోకే. సారమ్మ బటన్ నొక్కితే అది సారమ్మ మెషిన్‌లోనే ఆగదు. కృష్ణప్రియ గీజరులోకి పోతుంది. కింద మా ఇంట్లో ఫ్రిజ్‌లోకి పోతుంది. ఫోను ఫ్రిజ్ మీద ఉంది. నేను చేస్తే మోగుతుంది, మోగితే సక్కుబాయి ట్యాంకర్ దగ్గర తడిసిన చేతులతో, చెప్పులు గుమ్మం బయట విడిచి, వచ్చి దానికి ఆనుకుని నిలబడి ఎత్తుతుంది. ఎప్పుడూ అలాగే నిలబడుతుంది, చల్లగా ఉంటుందని. ఇప్పటికే ఒకసారి మోగించాను. ఫోనును జేబులో పెట్టుకుని పైనుంచి అరచేత్తో అదిమి పట్టుకున్నాను, దానంతట అది ఎవరికైనా చేసేస్తుందేమోనని. ఇంటికి ఫోను చేయడానికి కూడా భయపడే మనిషినయ్యాను. పక్కన పిల్ల నా వైపు చూసి కొంచెం జరిగి కూర్చుంది. నేను పైకే ఏదో అన్నానేమో.

దిగాను. మోకాలు ఉంటే ఉంటుంది పోతే పోతుంది. రేకుల పక్కనుంచి, బురద తొక్కుకుంటూ, సంచి తొడకు కొట్టుకుంటుంటే పరిగెత్తాను, అది పరుగనుకుంటే. కొబ్బరిబోండాల బండివాడు ఏమైందన్నా అని పిలిచాడు. వెనకనుంచి వచ్చిన బైకు ఒకటి ఆపి, ఎక్కించుకోమన్నాను. ఆ పిల్లవాడు నా ముఖం చూసి ఏమీ అడగకుండా పుప్పాలగూడ మలుపు దాకా దింపాడు. అక్కడినుంచి మళ్ళీ ఉరుకు. పదకొండు ముప్పై మూడు. ముప్పై మూడంటే బటన్ నొక్కి మూడు నిమిషాలు. నీళ్ళు నిండడానికి ఐదు నిమిషాలు పడుతుంది, నిండాకే హీటరు. లేదు, ట్యాంకర్ వచ్చిన రోజు నీళ్ళు జోరుగా వస్తాయి, మూడే పడుతుంది. ఇలా ఐదు అనుకుంటూ మూడు అనుకుంటూ, దేవుడా ఐదు చెయ్యి అనుకుంటూ. ఏ దేవుడో. ఆమె దేవుడైనా సరే.

సెల్లారులో సక్కుబాయి ఉంది. పైపు పట్టుకుని, మోచేతుల దాకా తడిసి, యోహానును తిడుతూ, నిలువెత్తుగా, బతికి ఉంది. నేను ఆగలేదు. ఏందయ్యా గట్ల ఉరుకుతున్నవ్ అంటోంది వెనకనుంచి. మీటర్ల గదిలో మెయిన్ స్విచ్ ఇనుప పెట్టె, ఇనుప పిడి. చెయ్యి చాపి వెనక్కి తీసుకున్నాను. కుడికాలి రబ్బరు చెప్పు తీసి దాంతో పిడిని కిందికి కొట్టాను. ఒక దెబ్బకు రాలేదు. రెండో దెబ్బకు బిల్డింగంతా ఒక్కసారి ఊపిరి ఆపింది. ఫ్యాన్లు, మిక్సీలు, ఎవరిదో టీవీ, లిఫ్టు. ఆ నిశ్శబ్దంలో పైనుంచి కృష్ణప్రియ గొంతు, కరెంటు పోయిందేంటండీ అని. సారమ్మ గొంతు లేదు. లిఫ్టు నేనే ఆపాను కాబట్టి మెట్లే. ఒక కాలికి చెప్పుంది, ఒక కాలికి లేదు. మెట్ల పక్క ఇనుప కమ్మీ పట్టుకోలేదు, కరెంటు లేదని తెలిసీ పట్టుకోలేదు. మొదటి మలుపు దగ్గర నల్లబర్రె, ముందుకాళ్ళు మడుచుకుని. రెండో మలుపు దగ్గర కూడా అదే. కొట్టింది నేనే, తెలుసు, పక్కకు జరుగు, పోనీ నన్ను. వెనక సక్కుబాయి, యోహాను ఎక్కి వస్తున్నారు. ఆమె ఆయాసపడుతూనే ఏమైందని అడుగుతోంది. రెండో అంతస్తు తలుపు తీసి ఉంది.

హాల్లో ఎవరూ లేరు. వంటగదిలో ఎవరూ లేరు. వెనక బాల్కనీలోకి తొంగిచూశాను.

సారమ్మ నిలబడి ఉంది. నేలమీద కాదు, కొయ్యపీట మీద. కాళ్ళకు కొడుకు రబ్బరు చెప్పులు, ఆమె పాదాలకంటే రెండంగుళాలు పెద్దవి. చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని మణికట్టు దగ్గర రబ్బరు బ్యాండు వేసుకుంది. ఆ చేతిలో అప్పడాల కర్ర. దాని కొనతోనే బటన్ నొక్కిందని తెలుస్తోంది, కర్ర ఇంకా గాలిలోనే, మెషిన్‌కు బెత్తెడు దూరంలో ఉంది. గుండ్రటి అద్దం లోపల తెల్లబట్టల మీద నురుగు మెల్లగా కిందికి జారుతోంది. అద్దం మీద ఆవిరి పట్టి ఉంది. కరెంటు పోయిందా బాబూ అంది మామూలుగా. నేను గోడకు ఆనుకున్నాను. కళ్ళు ఆ చెప్పుల మీదనే ఉన్నాయి. వాటి మీద ఎండిన సబ్బు మరకలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. ఇవాళ వేసుకున్నవి కావవి.

నా భుజం మీదుగా సక్కుబాయి చూసింది. ఆమె వెనక యోహాను, మెట్ల మీదినుంచి దిగివచ్చిన కృష్ణప్రియ. ముగ్గురూ ఆ పీటనూ ఆ కర్రనూ ఆ సంచి తొడిగిన చేతినీ మార్చి మార్చి చూస్తున్నారు. అడిగింది మాత్రం మా సక్కుబాయే.

“షుగర్ తిమ్మిరన్నవంట గద పెద్దమ్మా? మరి ఈ కట్టెంది, ఈ పీటేంది?”

సారమ్మ కర్రను మెల్లగా కిందికి దించింది. సక్కుబాయి వైపు కాదు, నావైపు చూసింది.

“షుగర్ కాదమ్మా, కరెంటు. నిన్న పొద్దున్నే తెలిసింది నాకు. చెబితే ఉదయ్ భాస్కర్ గారి వాళ్ళలాగా మమ్మల్నీ ఖాళీ చెయ్యమంటారని, షుగరన్నాను.”